ఎడ్రినల్ గ్రంథిలో గడ్డలు : తాండూరులో ఒక కుటుంబము

పోయిన మాసములో ఒక ఉదయము మా ఇంటి గేటు వద్ద ఒక పెద్దావిడ, నలభైకి దగ్గరపడిన కొడుకును వెంటబెట్టుకొని వచ్చి నిలబడింది. ఆమె చేతిలో చిన్న సంచితో కందిపప్పు ఉన్నది. తాండూరు కందిపప్పుకు 2022 లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాని మా ఇంటికి అది అంతకు చాలా ముందునుంచి ఈ విధముగానే వస్తున్నది. ఆమెను నేను వెంటనే గుర్తు పట్టలేదు.

“నేను సారూ, కడుపుల గడ్డ తీపిచ్చినవ్ గదా” అన్నది.

అప్పుడు గుర్తుకు వచ్చింది. అది 1991 వ సంవత్సరము. నేను తాండూరు ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్న రోజులు.

“మా పోరనికి హెర్నియా ఆపరేషన్ జెయ్యాలంటున్నరు. మా ఇంట్ల ఎవ్వరికి ఆపరేషన్ అన్నా ముందుగాల నాకు చెప్పాలె అని నువ్వే అంటివి గదా సారూ. అందుకే తోల్కొచ్చిన.”

ఆ మాట నేను ఆమెతో ఎందుకు అన్నానో చెప్పాలంటే ఎడ్రినల్ గ్రంథుల గురించి, నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్పవలసి ఉంటుంది. ఆ పొరపాటును ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

ఎడ్రినల్ గ్రంథులు మనకు రెండు. కుడి మూత్రపిండముపై ఒకటి, ఎడమ మూత్రపిండముపై ఒకటి టోపీ పెట్టినట్లు కూర్చొని ఉంటాయి. అందుకే వీటిని తెలుగులో అధివృక్క గ్రంథులు అంటారు. ఒక్కొక్కదాని బరువు నాలుగైదు గ్రాములు మాత్రమే. ఇటలీ దేశపు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు యూస్టాకీ 1563 లో వీటిని వర్ణించాడు కాని ఇవి చేసే పని ఏమిటో తరువాత మూడు వందల సంవత్సరముల వరకు ఎవరికీ తెలియలేదు. లాలాజల గ్రంథులకు ఉన్నట్లు వీటికి నాళములు ఉండవు. తాము తయారుచేసే రసాయనములను నేరుగా రక్తములోనికి విడుస్తాయి కాబట్టి ఇవి వినాళగ్రంథులు.

గ్రంథి వెలుపలి భాగమును కార్టెక్స్ అని, లోపలి భాగమును మెడుల్లా అని అంటారు. ఈ రెండూ ఒకే గూటిలో ఉన్న వేరువేరు పక్షులు. కార్టెక్స్ నుంచి మూడు రకముల హార్మోనులు వస్తాయి. శరీరములో ఉప్పును నిలిపి పొటాసియమును మూత్రములోనికి పంపే ఆల్డోస్టెరోన్ ఒకటి. చక్కెరను, కొవ్వును, మాంసకృత్తులను, జబ్బుపడినప్పుడు శరీరము తట్టుకొనే శక్తిని చూసుకొనే కార్టిసాల్ రెండవది. కొద్ది మోతాదులో పురుష హార్మోనులు మూడవవి. మెడుల్లా నుంచి ఎడ్రినలిన్, నార్ ఎడ్రినలిన్ వస్తాయి. ఎడ్రినలిన్‌ను జపాను దేశస్థుడు టకామిని 1901 లో శుద్ధరూపములో వేరుచేశాడు.

కందిచేనులో కలుపు తీస్తున్న మనిషికి కాలి ముందర పాము కనిపించినదనుకొనండి. గుండె దడదడ కొట్టుకుంటుంది, చెమట పడుతుంది, ముఖము పాలిపోతుంది, రక్తపుపోటు పెరుగుతుంది. పారిపోవడానికో, కర్ర ఎత్తడానికో శరీరమును సిద్ధపరచేది ఎడ్రినలిన్. పాము పొదలోకి వెళ్ళిపోగానే కొద్ది నిమిషములలో అంతా సర్దుకుంటుంది. మెడుల్లాలో గడ్డ పుట్టినవారికి ఏ పామూ లేకుండానే ఇదంతా జరుగుతుంది. వంగినప్పుడు, బరువు ఎత్తినప్పుడు, కడుపు నిండా తిన్నప్పుడు, ఒక్కొక్కసారి ఏ కారణమూ లేకుండా, గడ్డ తన హార్మోనులను ఒక్కసారిగా రక్తములోనికి వదలుతుంది. ఈ గడ్డ పేరు ఫియోక్రోమోసైటోమా. క్రోమియం లవణములు తగిలితే దీని కణములు ముదురు రంగుకు మారుతాయి గనుక జర్మనీ వైద్యుడు పిక్ 1912 లో ఆ పేరు పెట్టాడు.

ఆ సంవత్సరము ఆమె వయస్సు ఇరువది ఎనిమిది. భర్త నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో కూలీ. ఆమె కందిచేలలో కలుపుకు పోయేది. ఎనిమిది మాసములలో ఆరుసార్లు మా ఆసుపత్రికి వచ్చింది. ప్రతిసారీ చెప్పేది ఒకటే. “వంగితే నెత్తి పలిగినట్లు నొస్తది సారూ, గుండె కొట్టుకుంటది, బట్టలు పిండేటంత చెమట బడ్తది, ఇగ సచ్చిపోత అనిపిస్తది.” అరగంటలో అది తగ్గిపోయేది. చేనునుంచి ఊరికి, ఊరినుంచి బస్సులో తాండూరుకు, ఆపైన మా ఓపీ వరుసలో గంటన్నర నిలబడి నా బల్ల ముందుకు వచ్చేసరికి ఆమెకు ఏమీ ఉండేది కాదు. రక్తపుపోటు 130/84. నాడి మామూలు. గుండె చప్పుళ్ళు మామూలు.

నేను ఆమెను అత్తగారి సంగతి అడిగాను. భర్త తాగుతాడా అని అడిగాను. ఆమెకు ఏ కష్టమూ లేదని కాదు. కష్టము లేని కూలి కుటుంబము ఎక్కడ ఉంటుంది? నాకు కావలసిన సమాధానము నాకు దొరికింది. చీటీ మీద హిస్టీరియా అని వ్రాశాను. బలానికి మాత్రలు, నిద్రకు మాత్రలు ఇచ్చాను. ఇంటివారు గాలి తగిలిందని తాయెత్తు కట్టించారు, భద్రేశ్వరస్వామికి మొక్కుకున్నారు. వారి నిర్ణయమునకు, నా నిర్ణయమునకు పెద్ద తేడా లేదని ఇప్పుడు అనిపిస్తుంది. పైగా వారు ఆమె చెప్పిన మాటను నమ్మారు.

ఆరవసారి వచ్చినప్పుడు గుండెదడ గురించే ఎక్కువగా చెప్పింది. ప్రొప్రనలాల్ మాత్రలు వ్రాసి ఇచ్చాను. గుండెదడకు, ఆందోళనకు ఆ రోజులలో మేమందరము వ్రాసే మందు అది. మంచి మందే. నాలుగవ రోజు రాత్రి పదిన్నరకు ఆమెను ట్రాక్టరు మీద పడుకోబెట్టి తీసుకువచ్చారు. ముఖము సున్నము పూసినట్లు తెల్లగా ఉన్నది. ఊపిరి అందడము లేదు, నోటి వెంట నురగ. పాదరసపు పరికరముతో రక్తపుపోటు చూశాను: 240/140. నమ్మలేక పట్టీ విప్పి రెండవ చేతికి కట్టి చూశాను. అంతే ఉన్నది. ప్రాణవాయువు పెట్టి, ఊపిరితిత్తులలో నీరు తగ్గడానికి ఇంజెక్షను ఇచ్చి, నాలుక క్రింద నిఫెడిపిన్ వేసి (ఇప్పుడు ఆ పద్ధతి మానివేశారు, అప్పుడు మాకు తెలిసినది అదే) ఆ రాత్రంతా మంచము ప్రక్కన కూర్చున్నాను. తెల్లవారేసరికి 118/76.

రాత్రి 240, తెల్లవారి 118. హిస్టీరియా అంత పని చేయదు. ఉదయము కడుపు పరీక్షిస్తూ ఎడమ ప్రక్కన కొంచెము లోతుగా నొక్కాను. నా చేతి క్రిందనే ఆమెకు చెమటలు మొదలైనవి. మా నర్సు అప్పటికే రక్తపుపోటు పట్టీ కట్టి ఉంచినది కాబట్టి పాదరసము 200 దాటడము ఇద్దరమూ చూశాము. ఇంటికి వెళ్ళి, ఉస్మానియా వైద్యకళాశాలలో చదివే రోజులలో కొన్న పుస్తకము తెరచి చూస్తే నేను ఏమి చేశానో అర్థమైనది.

రక్తనాళములపై ఎడ్రినలిన్ రెండు రకముల గ్రాహకముల ద్వారా పనిచేస్తుంది. ఆల్ఫా గ్రాహకములు రక్తనాళములను బిగిస్తాయి. బీటా గ్రాహకములలో ఒక రకము కండరములలోని రక్తనాళములను వదులుచేస్తుంది. ఈ రెండూ ఎదురెదురుగా లాగుతూ ఉంటాయి. ప్రొప్రనలాల్ బీటా గ్రాహకములను మూసివేస్తుంది. అప్పుడు ఆల్ఫాకు ఎదురులేక రక్తనాళములు మరింత బిగిసిపోయి రక్తపుపోటు ఆకాశమునకు ఎగురుతుంది, గుండె ఆ భారమును మోయలేక ఊపిరితిత్తులలోనికి నీరు చేరుతుంది. ఈ గడ్డ ఉన్నవారికి ముందు ఆల్ఫా గ్రాహకములను అరికట్టే మందు ఇచ్చి, అది పూర్తిగా పనిచేసిన తరువాతనే, అవసరమైతే, బీటా మందు ఇవ్వాలి. నేను వరుస తప్పాను. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షను కూడా ఈ గడ్డను ఇలాగే రెచ్చగొట్టగలదని ఈ వ్యాసము చదివే చిన్న డాక్టర్లకు చెబుతున్నాను.

వ్యాధినిర్ణయమునకు ఆ రోజులలో ఇరువది నాలుగు గంటల మూత్రములో వి.ఎం.ఏ. అనే పదార్థమును కొలిచేవారు. ఆ పరీక్ష తాండూరులో లేదు. మూత్రము పట్టే డబ్బాలో ఆమ్లము వేసి ఇచ్చి, అంతకు ముందునుంచి టీ, కాఫీ, అరటిపండు ముట్టవద్దని చెప్పాను. “అన్నం లేకుంట ఉంటగాని, చాయ్ లేకుంట మూడు దినాలా సారూ?” అన్నది. ఆమె భర్త ఆ డబ్బాను ఒడిలో పెట్టుకొని ప్యాసింజరు రైలులో హైదరాబాదుకు తీసుకువెళ్ళాడు. దారిలో ప్రక్కన కూర్చున్నవారు నూనె డబ్బా అనుకొని ధర అడిగారట. ఫలితము ఎక్కువగా వచ్చింది. స్కానింగులో ఎడమ మూత్రపిండముపై ఆరు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది.

రెండు వారములు ప్రజోసిన్ మాత్రలతో, ధారాళముగా ఉప్పు, నీరు ఇచ్చి ఆమెను సిద్ధము చేశారు. రక్తపుపోటు రోగికి ఉప్పు ఎక్కువ తినమనడము వింతగా తోస్తుంది. కాని ఎన్నో నెలలుగా బిగిసి ఉన్న రక్తనాళములు వదులైనప్పుడు వాటిని నింపడానికి శరీరములో ద్రవము ఉండాలి. శస్త్రచికిత్స జరిగిన రోజు నేను సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, థియేటరులో ఒక మూలన నిలబడ్డాను. సర్జనుగారి వేళ్ళు గడ్డను తాకినప్పుడు రక్తపుపోటు 220 కి లేచింది. దాని సిరను ముడివేసిన కొద్ది నిమిషములకు 80 కి పడిపోయింది. మత్తు డాక్టరుగారు సెలైన్లు, మందులు సరిచూసుకుంటూ తలెత్తకుండా పనిచేశారు. ఆమె బ్రతికింది. పదవ రోజున వార్డులో మంచము మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నప్పుడు నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. ఎనిమిది మాసముల క్రితము, అత్తగారి సంగతికి ముందు అడగవలసిన ప్రశ్న అది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉన్నదా?

తల్లి కాన్పులో ఫిట్లు వచ్చి పోయినదని చెప్పింది. అది మామూలుగా వచ్చే గుర్రపువాతమే కావచ్చు. తమ్ముడు రెండు సంవత్సరముల క్రితము, 1989 లో, ఇరువది రెండేళ్ళకు, వేరొక ఊరిలో హెర్నియాకు ఆపరేషన్ బల్ల ఎక్కి, మత్తు ఇచ్చిన కొద్దిసేపటికి గుండె ఆగి చనిపోయాడు. అతనికీ అప్పుడప్పుడు తలనొప్పి, చెమటలు ఉండేవట. శవపరీక్ష జరుగలేదు. ఎవరూ ఏదీ నిరూపించలేరు. ఆ రోజున ఆమెతో అన్నాను: “అమ్మా, ఇక మీద మీ ఇంట్లో ఎవరికి ఏ చిన్న ఆపరేషన్ అన్నా, ముందు నాకు చెప్పు.”

హైదరాబాదులో వైద్యము చదివినవారికి క్లోరోఫారం కమిషన్ల కథ తెలిసి ఉంటుంది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలములో, రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888 లో, 1889 లో రెండు కమిషన్లు జంతువులపై ప్రయోగములు చేసినవి. రెండవదానికి ఇంగ్లాండునుంచి లాడర్ బ్రంటన్ కూడా వచ్చాడు. క్లోరోఫారం మత్తులో మొదట ఆగేది శ్వాస, గుండె కాదు, కనుక శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలునని వారు తేల్చారు. శ్వాసను కనిపెట్టుకొని ఉండాలన్నది మంచి మాటే. కాని 1911 లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉన్న పిల్లులకు ఎడ్రినలిన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవడము చూపించాడు. మా అఫ్జల్‌గంజ్ ప్రయోగముల నాటికి ఎడ్రినలిన్‌ను ఎవరూ వేరుచేయలేదు గదా! తరువాతి కాలములో వాడిన హాలోథేన్‌కు కూడా కొంతవరకు ఈ గుణమున్నది. కడుపులో తెలియని ఎడ్రినలిన్ గని పెట్టుకొని ఆపరేషన్ బల్ల ఎక్కే మనిషి పరిస్థితి ఎట్లా ఉంటుందో దీనిని బట్టి ఊహించవచ్చు. ఇప్పటి మత్తుమందులు చాలా మెరుగైనవి. అయినా గడ్డ సంగతి ముందుగా తెలియకపోతే ప్రమాదము ప్రమాదమే.

ఈ వ్యాధి అరుదైనది. రక్తపుపోటు ఉన్న వెయ్యిమందిలో రెండు నుంచి ఆరుగురికి ఉండవచ్చునని అంచనా. అరుదు అనే మాటే మమ్ములను నిద్రపుచ్చుతుంది. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన ఐసెన్‌హోవర్‌కు గుండెజబ్బు, రక్తపుపోటు ఉండేవి, ఆయన చుట్టూ ఆ దేశపు సైనిక వైద్యులు ఉండేవారు. 1969 లో ఆయన మరణించిన తరువాత శవపరీక్షలో ఎడమ ఎడ్రినల్ గ్రంథిలో ఒకటిన్నర సెంటీమీటర్ల ఫియోక్రోమోసైటోమా కనిపించింది. బ్రతికి ఉండగా ఎవరికీ అనుమానము రాలేదు. దీనిని తలచుకొని నేను కొంత ఊరట పొందుతూ ఉంటాను, అది న్యాయము కాదని తెలిసినా.

ఎడ్రినల్ గ్రంథి వెలుపలి భాగములోనూ గడ్డలు పుడతాయి. వాటిలో ఆల్డోస్టెరోన్ స్రవించేది మనము అనుకున్నంత అరుదు కాదు. అమెరికాలో జెరోమ్ కాన్ 1955 లో ప్రచురించిన మొదటి రోగి ముప్పై నాలుగేళ్ళ స్త్రీ, ఏడేళ్ళుగా కండరముల నీరసముతో బాధపడినది, రక్తపుపోటు కూడా ఉండేది. తాండూరులో నా మొదటి రోగి నాపరాళ్ళ గనిలో పనివాడు. రాళ్ళు పేర్చే మనిషి ఒక ఉదయము పక్కమీద నుంచి లేవబోతే కాళ్ళు లేవలేదు. పక్షవాతమని ఎత్తుకొచ్చారు. రెండు కాళ్ళూ ఒకేసారి పడిపోయినవి, స్పర్శ ఉన్నది, మాట స్పష్టముగా ఉన్నది. రక్తపుపోటు 180/110. దానికి అంతకుముందే ఎవరో మూత్రము ఎక్కువగా పోయే మాత్రలు ఇచ్చి ఉన్నారు. రక్తములో పొటాసియము 2.1, ఆరోగ్యవంతునికి 3.5 కు తగ్గరాదు. పొటాసియము ఇవ్వగా రెండవ రోజుకు లేచి నడిచాడు. ఆల్డోస్టెరోన్ ఉప్పును పట్టి ఉంచి పొటాసియమును బయటకు తోస్తూ ఉంటే, ఆ మాత్రలు దానికి తోడై మిగిలిన కొంచెము కూడా తోడివేసినవి. అతనికి గడ్డ ఒక్క ప్రక్కనే ఉన్నందున దానిని తీసివేశారు. రెండు గ్రంథులూ అతిగా పనిచేసే వారికి శస్త్రచికిత్స పనికిరాదు, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలతో నెట్టుకురావాలి. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పొటాసియము మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ వ్యాధి లేదని అనుకోరాదు. మూడు రకముల మందులు వాడినా లొంగని రక్తపుపోటు రోగులలో అయిదుగురిలో ఒకరికి కారణము ఇదే కావచ్చునని పరిశీలనలు చెబుతున్నాయి. రక్తములో ఆల్డోస్టెరోన్‌కు, రెనిన్‌కు ఉన్న నిష్పత్తిని చూస్తే తెలుస్తుంది. మా కాలములో ఆ పరీక్ష అందేది కాదు. ఇప్పుడు రక్తము తాండూరులో ఇస్తే ఫలితము సెల్‌ఫోనుకు వస్తున్నది, కాని అడిగేవారు తక్కువ.

కార్టిసాల్ ఎక్కువగా తయారుచేసే గడ్డ వలన ముఖము పున్నమి చంద్రునివలె గుండ్రమవుతుంది, పొట్ట పెరిగి కాళ్ళు చేతులు సన్నబడతాయి, పొట్టపై వెడల్పైన ఊదారంగు చారలు వస్తాయి, తాకితే చర్మము కమిలిపోతుంది, మధుమేహము, రక్తపుపోటు తోడవుతాయి. నిజమైన ఎడ్రినల్ గడ్డతో ఈ రూపమును నేను నా ఉద్యోగకాలములో చాలా తక్కువగా చూశాను. ఒక పసిపిల్లలో చూసినది క్యాన్సరు. దాని గురించి ఎక్కువ వ్రాయలేను. కాని గుండ్రని ముఖములు మాత్రము వందలు చూశాను. ఇటు బషీరాబాదు, పెద్దేముల్ నుంచి, అటు కర్ణాటకలోని సేడం, చించోళి నుంచి కీళ్ళనొప్పులతో, ఉబ్బసముతో వచ్చేవారికి ఊళ్ళలో కొందరు పొట్లములలో కట్టి ఇచ్చే పొడులలో స్టీరాయిడ్ మాత్రల నూరుడు ఉండేది. రెండు రోజులలో నొప్పులు మాయమైతే ఎవరికి మాత్రము ఇష్టము ఉండదు? నెలల తరబడి బయటనుంచి స్టీరాయిడ్ అందుతూ ఉంటే ఎడ్రినల్ గ్రంథులు పని మానివేసి ఎండిపోతాయి. ఆ పొడి ఒక్కసారిగా మానివేస్తే, లేదా ఆ సమయములో జ్వరమో విరేచనములో వస్తే, మనిషి కుప్పకూలిపోతాడు. కనుక అటువంటి మందు వాడుతున్నవారు భయపడి తమంతట తాము ఆపరాదు. ఆ పొట్లమునే తెచ్చి డాక్టరుకు చూపాలి. కోపగించుకొనే డాక్టరు అయితే వేరొకరి వద్దకు వెళ్ళండి.

ఇప్పుడు కడుపు స్కానింగులు విరివిగా జరుగుతున్నందున, వేరే దేనికోసమో చేసిన స్కానులో ఎడ్రినల్ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నదని రిపోర్టులు పట్టుకొని నా వద్దకు వచ్చేవారు పెరిగారు. వీటిలో చాలావరకు ఏ హార్మోనూ స్రవించని, ఏ హానీ చేయని గడ్డలే. నిద్ర మానుకోనక్కరలేదు. అయితే హార్మోనుల పరీక్షలు ఒకసారి చేయించాలి. ముఖ్యముగా, ఫియోక్రోమోసైటోమా కాదని తేలకముందు ఆ గడ్డకు సూది గుచ్చి ముక్క తీయడానికి ఒప్పుకోకండి.

మళ్ళీ ఆ పెద్దావిడ కొడుకు వద్దకు వస్తాను. అతనికి తలనొప్పి లేదు, చెమటలు లేవు, గుండెదడ లేదు. నాపరాళ్ళ లారీ నడుపుతాడు. కూర్చోబెట్టి చూస్తే రక్తపుపోటు 154/98. “డ్రైవర్లకు అందరికి ఉంటది సారూ” అన్నాడు. 1991 లో మేము చదివిన పుస్తకములు ఈ గడ్డలలో పదింట ఒకటి మాత్రమే వంశపారంపర్యమని చెప్పేవి. ఇప్పుడు మూడింట ఒకదానికి పైగా జన్యువులలోనే మూలము ఉన్నదని తెలుసు. ఈ వ్యాధిని మొట్టమొదట వర్ణించినది 1886 లో, జర్మనీలోని ఫ్రైబుర్గ్ పట్టణములో చనిపోయిన పద్దెనిమిదేళ్ళ యువతిలో. ఆమెకు రెండు గ్రంథులలోనూ గడ్డలు ఉండినవి. ఆమె వంశములో ఇప్పుడున్నవారిని వెదకి పరీక్షించగా ఆ జన్యుదోషము వారిలో కనిపించినదని 2007 లో ప్రచురించారు. నూట ఇరువది యొక్క సంవత్సరములు! ఆ వ్యాసము చదివిన రోజున నాకు తాండూరు ఆడమనిషి గుర్తుకు వచ్చి ఉండవలసినది. ఆమెకు అయిదేళ్ళ కొడుకు ఉండేవాడని, వాడు ఆసుపత్రి వరండాలో బండల మీద పడుకొని నిద్రపోయేవాడని గుర్తుకు రావలసినది. రాలేదు. అప్పటికి బదిలీల మీద నాలుగు ఊళ్ళు తిరిగి పదవీ విరమణకు దగ్గరపడ్డాను. ఆపరేషన్ ఉంటే చెప్పమన్నానే గాని, పిల్లవానికి ఏడాదికొకసారి రక్తపుపోటు చూపించమని, పరీక్షలు చేయించమని నేను చెప్పలేదు. ఆమె మాత్రము నేను చెప్పిన ఒక్క మాటను ముప్పై ఏళ్ళకు పైగా మరువలేదు.

అరగంట పడుకోబెట్టి తీసిన రక్తములో మెటనెఫ్రిన్ అనే పదార్థము ఉండవలసినదానికి నాలుగింతలు ఉన్నది. సి.టి. స్కానులో కుడి ఎడ్రినల్ గ్రంథిలో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉన్నది. హెర్నియా ఆపరేషన్ చేయవలసిన సర్జనుకు నేనే ఫోను చేశాను. కుర్రవాడు, ఒక్క నిమిషము మాట్లాడకుండా ఉండి, “మత్తు ఇచ్చే తేదీ కూడా పెట్టుకున్నాము సార్” అన్నాడు. ఇప్పుడు అతను ఆల్ఫా మాత్రలు వేసుకుంటున్నాడు. వచ్చే నెలలో హైదరాబాదులో చిన్న రంధ్రముల ద్వారా గడ్డ తీస్తారు. హెర్నియా ఆ తరువాత. జన్యుపరీక్షకు రక్తము పంపాము. అతని ఇద్దరు ఆడపిల్లల సంగతి ఆ ఫలితము వచ్చాక చూడాలి.

రిపోర్టులు వివరించి చెప్పిన రోజున ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది.

“మా తమ్మునికి గూడ గిదే ఉండెనా సారూ?”

“ఉండి ఉండవచ్చునమ్మా. నిశ్చయముగా చెప్పలేము.”

“అయితే మత్తు సూది ఇచ్చిన డాక్టరు తప్పు గాదా?”

“అతనికి తెలిసే దారి లేదు” అన్నాను. నిజమే చెప్పాను. ఎవరైనా అడిగి ఉంటే తెలిసేదేమో అన్న రెండవ సగము నోటి వరకు వచ్చి ఆగిపోయింది. ప్రొప్రనలాల్ మాత్రల సంగతి కూడా ఆమెకు నేను ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. నీకు ఆ రాత్రి అంత ఎక్కువ కావడానికి నేను ఇచ్చిన మందే కారణమమ్మా అన్నాను.

ఆమె నా వంక కొంచెముసేపు చూసింది. “ఆయనను ముప్పై అయిదేండ్ల సంది తిట్టుకుంట ఉన్న సారూ” అన్నది. తరువాత కొడుకు వైపు తిరిగి, సంచి అమ్మగారికి లోపల ఇచ్చి రమ్మని పంపించింది.